దానం కాదు, బాకీ

(నందిగామలో జరిగిన సంస్మరణ సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయిన పల్లెల మిత్రులు అడిగినందున పూర్తి పాఠం ఇస్తున్నాం.)





ఇయ్యాల మనం ఒక రిటైర్డ్ టీచరమ్మను తలుచుకోవటానికి కలిశాం. జగ్గయ్యపేట నుంచి, వత్సవాయి నుంచి, పెనుగంచిప్రోలు నుంచి, చందర్లపాడు, వీరులపాడు, కంచికచర్ల పల్లెల నుంచి పనులు మానుకుని వచ్చారు. మిరప కోతల రోజుల్లో ఒకపూట కూలి పోగొట్టుకోవటమంటే ఏమిటో మాకు తెలుసు. అందుకని ఊకదంపుడు ఉపన్యాసం చెయ్యం. ఆమె ఎట్లా బతికింది, ఎందుకట్లా బతికింది, ఆమె తర్వాత మనం ఏం చెయ్యాలి, ఈ మూడు సంగతులే మాట్లాడతాం.

టీచరమ్మ పేరు ఈ ప్రసంగంలో చెప్పటం లేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఇక్కడున్న వాళ్లలో సగం మంది ఆమె దగ్గర పలక పట్టినవాళ్లే. బతికుండగా తన పేరు కరపత్రాల మీద వేయటానికి ఆమె ఒప్పుకోలేదు. పోయింది గదా, ఇక అడిగేవాళ్లు లేరని ఇప్పుడు వేయటం మర్యాద కాదు.

ముందు మాట్లాడిన పెద్దలు ఆమెను దాత అన్నారు. దయామయి అన్నారు. అమ్మ అన్నారు. ప్రేమ కొద్దీ అన్నారు, కాదనం. కానీ ఆ మాటల దగ్గరే ఆగిపోతే ఆమెను తక్కువ చేసినట్లే. దాతలు మనకు కొత్త కాదు. మన తాతల చేత ఏడాది పొడుగునా వెట్టి చేయించుకుని, పండక్కి పాత పంచె పారేసిన కామందు కూడా దాతే. ఆ పంచె పుచ్చుకున్నందుకు మనవాళ్లు వంగి దణ్ణం పెట్టాలి. ఇచ్చిన చెయ్యి పైన, పుచ్చుకున్న చెయ్యి కింద. దానమంటే ఈ దేశంలో మనకు తెలిసిన అర్థం అదే.

టీచరమ్మ ఇచ్చింది దానం కాదు. ఆమె లెక్కలో అది బాకీ. ఈ ఒక్క మాట మీరు ఇంటికి పట్టుకుపోతే చాలు.

బాకీ ఎక్కడ మొదలైంది

ఆమె 1950లో పాత నందిగామ తాలూకాలో ఒక మాదిగగూడెంలో పుట్టింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు, మోట బానలు కుట్టేవాడు. తల్లి కూలి. అప్పటికి మన మెట్టకు సాగర్ కాలవ రాలేదు. జొన్న కూడు, వానలు పడితే పంట, పడకపోతే పస్తు. ఆ గూడెంలో ఆడపిల్ల బడికి పోవటమే వింత. అట్లాంటిది ఆమెను మిషన్ హాస్టల్లో వేయాలని తల్లి పట్టుబట్టింది. హాస్టల్‌కి ఏటా ఇంత గింజ కట్టాలి. ఇంట్లో లేదు. గూడెంలో ఆడవాళ్లు ఇంటికో దోసెడు జొన్నలు పోశారు. ఒక ఏడు కాదు, ఆమె చదువు అయ్యేదాకా పోశారు. పోసినవాళ్ల పిల్లలు బడికి పోలేదు. ఆమె పోయింది.

ఆ జొన్నలే బాకీ. ఆమె జీవితమంతా ఆ దోసిళ్లను మర్చిపోలేదు.

మనవాళ్లకు చదువు ఎవరో పిలిచి ఇస్తే వచ్చింది కాదని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మన మెట్టలో రాఘవాపురం ఉంది. ఆ ఊరి మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య 1859లో బెజవాడ పోయి డార్లింగ్ అనే మిషనరీని తానే వెతుక్కుంటూ కలిశాడు. దొర మన దగ్గరకు వచ్చాడని చెప్పుకుంటాం గానీ, మనవాడే నడిచి వెళ్లి అడిగాడు. ఆ తర్వాతే రాఘవాపురం మిషన్ కేంద్రమైంది. మన పల్లెల్లో చెట్ల కింద, పూరిపాకల్లో అక్షరాలు మొదలైంది ఆ రోజుల తర్వాతే. ఆ పాకల్లో చదువు చెప్పినవాళ్లు పెద్ద జీతగాళ్లు కాదు. పగలు బడి, రాత్రి ప్రార్థన, మధ్యలో అర్జీలు రాయటం, జబ్బుపడినవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవటం, అన్నీ వాళ్లే. గుర్రం జాషువా గారు కూడా తొలి రోజుల్లో కొద్దిపాటి జీతానికి పనిచేసిన బడిపంతులే. మన పల్లెల్లో పంతులంటే పాఠం చెప్పి పోయే మనిషి కాదు, పల్లె బరువు మోసే మనిషి. టీచరమ్మ ఆ వరసలో మనిషి.

కంచికచర్ల మంట

1968 ఫిబ్రవరిలో, ఇక్కడికి కూతవేటు దూరంలో కంచికచర్లలో కోటేశును కాల్చి చంపారు. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇత్తడి చెంబు దొంగిలించాడని నేరం మోపారు. కట్టేశారు, కొట్టారు, కిరసనాయిలు పోసి నిప్పంటించారు. ఊరు చూస్తుండగానే చేశారు. చెంబు విలువెంత? మాల, మాదిగ బిడ్డ ప్రాణానికి ఆ రోజు ఊరు కట్టిన ఖరీదు అది.

అప్పటికి టీచరమ్మకు పద్దెనిమిదేళ్లు. ట్రైనింగులో ఉంది. ఆ వార్త విన్న తర్వాత తనకు తెలిసి వచ్చిన సంగతి ఒకటి ఆమె తరచూ చెబుతుండేది. చదువుకున్న మనిషి ఆ గూడెంలో ఒక్కరున్నా, ఆ గుంపు ఎదుట నిలబడి కేకలేయకపోయినా, కనీసం పోలీసు స్టేషన్‌కి కాగితం పట్టుకుని పరిగెత్తేవాళ్లు గదా అని. అందుకే ఆమె పిల్లలకు అ, ఆలు చెప్పిన తర్వాత నేర్పే రెండో పాఠం అర్జీ. తేదీ ఎక్కడ రాయాలి, ఎవరికి రాయాలి, ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో ఎట్లా చెప్పాలి, నకలు ఎందుకు ఉంచుకోవాలి. అయిదో తరగతి పిల్లలకు రసీదు అడిగి తీసుకోవటం నేర్పిన టీచరును మేం మరొకరిని చూడలేదు.

1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు మన పల్లెల్లో కుర్రాళ్లు రోడ్డెక్కారు. కలెక్టరాఫీసుకు పోయిన అర్జీలు మాత్రం ఆమె దగ్గర చదువుకున్న పిల్లల చేతిరాతలోనే పోయాయి. ఉద్యమానికి గొంతు ఎంత కావాలో చేతిరాత కూడా అంతే కావాలి.

కుండ సంగతి

1972లో ఆమెకు సమితి స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మొదటి ఊరు ఏదో చెప్పం. ఒకే టీచరున్న బడి. బడిలో మంచినీళ్ల కుండ ఉంది. ఆ కుండను టీచరమ్మ ముట్టుకోకూడదు. ఆమెకు దాహమైతే నాలుగో తరగతి చదివే ఊళ్లోపిల్ల ఎత్తి పోస్తే దోసిట్లో తాగాలి. చదువు చెప్పే చెయ్యి కుండకు పనికిరాదు!

ఆమె గొడవ పెట్టుకోలేదు. మర్నాడు తన జీతంతో కొత్త కుండ కొని తెచ్చి పాత కుండ పక్కనే పెట్టింది. ఎవరికి ఏ కుండ ఇష్టమైతే ఆ కుండలో తాగొచ్చని చెప్పింది. ఎండాకాలం. పాత కుండలో నీళ్లు పోసే మనిషి రెండు రోజులకోసారి వచ్చేవాడు. ఈమె కుండలో రోజూ తాజా నీళ్లు. నెల తిరగకముందే పిల్లలంతా ఈమె కుండ దగ్గరకే చేరారు. తల్లిదండ్రులు కొందరు పంచాయితీ పెట్టారు, బదిలీ చేయించారు. ఆమె కుండ చంకన పెట్టుకుని తర్వాతి ఊరికి పోయింది. ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో ఈ మండలాల్లో ఎన్ని బడులు తిరిగిందో, అన్ని బడుల్లోనూ ఆమె చేసిన మొదటి పని కుండ పెట్టటం.

బాకీల పుస్తకం

2008లో రిటైరైంది. వచ్చిన గ్రాట్యుటీలో కొంత పెట్టి మాలపల్లెకూ మాదిగగూడెంకూ మధ్యనున్న ఖాళీ జాగాలో ఒక రేకుల గది వేసింది. సాయంత్రం బడి. రెండు పేటల పిల్లలూ అక్కడే, ఒకే చాప మీద.

ఈ చాప సంగతి తేలికైంది కాదు. 1994లో దండోరా మొదలైన దగ్గర నుంచి మన రెండు పేటల మధ్య ఎన్ని మాటలు నడిచాయో మీకు తెలుసు. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. ఆమె మాదిగ బిడ్డ. వర్గీకరణ న్యాయమని మొదటి నుంచీ గట్టిగా చెప్పింది, ఎక్కడా దాచుకోలేదు. అదే నోటితో, వాటా ఎవరిది వాళ్లకు రావాలి, చాప మాత్రం ఒక్కటే ఉండాలని కూడా చెప్పింది. తీర్పు వచ్చిన సాయంత్రం కూడా బడి జరిగింది. రెండు పేటల పిల్లలూ వచ్చారు. ఒకరి లెక్కల పుస్తకం ఒకరు చూసి రాసుకున్నారు. మన సంఘాల నాయకులకు ఇంతకంటే చెప్పాల్సిన పాఠం లేదు.

పెన్షన్‌లో సగం ఆమె పిల్లల ఫీజులకు, పుస్తకాలకు, బస్ పాసులకు పోయేది. ఎవరికి ఎంత ఇచ్చిందో ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసేది. అట్ట మీద బాకీలు అని ఉండేది. ఊళ్లో కొందరు, టీచరమ్మ కూడా వడ్డీకి తిప్పుతుందని చాటుగా అనుకున్నారు. ఆమె పోయిన తర్వాత ఇంటివాళ్లు ఆ పుస్తకం మాకు చూపించారు.

అందులో ఆమెకు బాకీ ఉన్నవాళ్ల పేర్లు లేవు. ఆమె ఎవరికి బాకీ ఉందో వాళ్ల పేర్లు ఉన్నాయి. ఎడమ వైపు జొన్నలు పోసిన ఆడవాళ్ల పేర్లు, ఇంటింటి వరసన. ఒకామె పేరు పక్కన, హాస్టల్‌కి పోయే రోజు తన రవిక ఇచ్చిందని రాసి ఉంది. ఒకామె పేరు పక్కన, మునేరు పొంగినప్పుడు భుజాన ఎక్కించుకుని దాటించిందని రాసి ఉంది. కుడి వైపు ఆ ఇంటి మనవడికో, మునిమనవరాలికో కట్టిన ఫీజు, తేదీ. వాళ్లెవరూ బతికి లేరు, అందుకని వాళ్ల వంశానికి చెల్లు వేసుకుంటూ వచ్చింది. కొన్ని ఇళ్లవాళ్లు ఊరొదిలి పోయారు. వాళ్ల పేర్ల ఎదుట వేరే ఇంటి పిల్లల ఖర్చు రాసుకుంది. పుస్తకం చివరి పేజీలో కూడా బాకీ తీరిందని గీత కొట్టలేదు.

అందుకే ఆమె దగ్గర డబ్బు తీసుకున్న పిల్లలు ఎవరూ తల వంచుకోలేదు. నీ ముత్తమ్మమ్మ దాచిన డబ్బు ఇది, తీసుకో అని ఇచ్చేది. ఇచ్చిన చెయ్యి పైనా కాదు, పుచ్చుకున్న చెయ్యి కిందా కాదు. ఇదీ దానానికీ బాకీకీ తేడా.

జగ్గయ్యపేట వాళ్లకు ఒక మాట చెప్పాలి. మీ ఊరి గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. ఆ స్తూపం దగ్గర దొరికిన చక్రవర్తి శిల్పం ప్రపంచమంతా తెలిసింది, ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే పైనుంచి నాణేల వాన కురుస్తుంటుంది. అదే స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం శాసనం కూడా దొరికింది. సిద్ధార్థుడనే ఒక శిల్పి, చేతిపని చేసుకునే మనిషి, సకల ప్రాణుల మేలు కోసం తూర్పు వాకిట ఐదు స్తంభాలు ఎత్తించాడని అందులో ఉంది. టీచరమ్మ ఏటా పిల్లలను ఆ గుట్టకు తీసుకుపోయి ఈ రెండు సంగతులూ చెప్పేది. రాజు చేతి నుంచి వాన కురుస్తుంది, పనివాడి చేతి నుంచి రాయి లేస్తుంది, మనం ఏ చేతివాళ్లమో మీరే చెప్పండని పిల్లలను అడిగేది. పదిహేడు వందల ఏళ్ల కిందట మన గడ్డ మీద ఒక పనివాడు ఇవ్వగలిగాడు. లేనివాడు ఇవ్వలేడన్నది మనకు తర్వాత నేర్పిన అబద్ధం.

జబ్బు

ఇప్పుడు జబ్బు సంగతి. ఆమెకు ఎప్పటినుంచో షుగర్. 2014 నాటికి కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. 2018 నుంచి డయాలసిస్. వారానికి మూడు రోజులు, ఒక్కో రోజు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. నందిగామ నుంచి బెజవాడ యాభై కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కి, మాపటేళకు తిరిగి రావాలి. వచ్చిన రోజు ఒళ్లు పిండేసిన గుడ్డలా ఉంటుంది. రోజు మొత్తానికి తాగే నీళ్లు కొలత పెట్టుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో, జీవితమంతా పిల్లలకు మంచినీళ్ల కుండ పెట్టిన మనిషి, గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఊసేసేది.

జబ్బు మనిషిని మంచిదాన్ని చేసిందని మేం చెప్పం. నొప్పి ఎవరినీ గొప్పవాళ్లను చెయ్యదు. ఆమెకు కోపమొచ్చేది, విసుక్కునేది. బాగాలేని రోజు పలకరించటానికి వచ్చినవాళ్లను ముఖం మీదే పొమ్మనేది. కొన్ని రాత్రులు ఏడ్చిందని ఇంటివాళ్లు చెప్పారు. కానీ జబ్బు వచ్చింది గదా, ఇక నా బాకీ మాఫీ అని మాత్రం అనుకోలేదు.

డయాలసిస్‌కు ఎడమ చేతి నరానికి ఆపరేషన్ చేసి సూదులు గుచ్చుతారు. ఎడమ చెయ్యి కదపకూడదు. కుడి చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఆ కుడి చేత్తో ఆమె ఆ నాలుగు గంటలూ పక్క మంచాల వాళ్ల కాగితాలు చూసేది. ఆరోగ్యశ్రీ కార్డులో పేరు తప్పు పడినవాళ్లు, రేషన్ కార్డులో ఇంటిపేరు మారినవాళ్లు, వేలిముద్ర పడనివాళ్లు. 2019లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ పెట్టారు. గవర్నమెంటు పెన్షన్ తీసుకునే ఆమెకు అది రాదు. రావలసినవాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టింది. ఎ.కొండూరు తండాల లంబాడీలు కూడా ఆ మంచాల మీద ఉన్నారు. ఆ తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లు ఆర్పిందో, మంచి కృష్ణా నీళ్ల కోసం వాళ్లు ఎన్నేళ్లు తిరిగారో మన జిల్లా అంతా తెలుసు. ఒక్కొక్కరి అర్జీ విడిగా కాదు, తండా అంతా కలిసి ఒకే అర్జీ పెట్టండని వాళ్లకు చెప్పింది. మంచం మీద కూడా ఆమె సంఘమే కట్టింది.

ఆ వార్డులో ఒక కామందు కూడా ఉన్నాడు. ఇంటి దగ్గర మనవాళ్లను గుమ్మం దాటనివ్వని మనిషి. ఆయన కాగితాలూ ఈమే చూసింది. మా కార్యకర్త ఒకరికి ఇది నచ్చలేదు, అడిగాడు. జబ్బు హక్కుకు కులం అడిగితే రేపు మనల్నీ అడుగుతారని చెప్పింది. ఆయనతో మాత్రం ఒక మాట అంది. ఇక్కడ మీకూ నాకూ ఒకటే యంత్రం గదా, మీ ఊళ్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులెందుకండీ అని. ఆయన జవాబు చెప్పలేదు. ఆ ఊళ్లో రెండు గ్లాసులు పోయాయి గానీ ఆయన మనసు మారి కాదు, పేపరు కప్పులు వచ్చి పోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఒక మంచి మనిషి మాటతో కులం పోదు. కానీ మొహం మీద అడిగిన మాట ఉండిపోతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. డయాలసిస్ రెండుసార్లు తప్పితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. కారు ఉన్నవాడు పోతాడు, మన కూలివాడు ఎట్లా పోతాడు? ఆమె తన పెన్షన్ పెట్టి ఒక బండి మాట్లాడింది. పోలీసుల దగ్గర పాసు తీసుకుంది. జగ్గయ్యపేట వైపు నుంచి, నందిగామ వైపు నుంచి తనలాంటి రోగులను వరసగా ఎక్కించుకుని పోయేది. అందరికంటే ముందు ఎక్కేది, అందరికంటే చివర దిగేది. మమ్మల్ని కూడా పిలిచి చందా వేయించింది. వేసిన ప్రతి రూపాయికీ లెక్క రాసి గోడకు అంటించింది. డబ్బు ఇచ్చేటప్పుడు లెక్క అడిగేది, తీసుకున్నప్పుడు లెక్క చెప్పేది. సంఘాలు నడిపేవాళ్లు ఈ అలవాటు ఆమె దగ్గర నేర్చుకోవాలి.

2022లో జి.ఓ. 117 తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు కలిపినప్పుడు మన పేటల చిన్న బడులు ఖాళీ అవుతాయని మొదట చెప్పింది ఆమే. ఎనిమిదేళ్ల ఆడపిల్ల రోడ్డు దాటి, కాలవ దాటి అంత దూరం ఎట్లా పోతుందని రాసింది. తల్లుల చేత సంతకాలు పెట్టించింది, వేలిముద్రలు కాదు. ఆ జి.ఓ. 2025లో రద్దయింది. చూడటానికి ఆమె లేదు. 2024 చివర్లో పోయింది.

ఫూలే దంపతుల వరస

జబ్బు మంచం మీద పని ఆపని గురువులు మన చరిత్రలో ఉన్నారు. 1848లో పూణేలో ఆడపిల్లలకు బడి పెట్టిన జోతిరావు ఫూలేకు 1888లో పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. రాసే చెయ్యి పోయింది. ఆయన ఎడమ చేత్తో సార్వజనిక సత్యధర్మ పుస్తకం రాసి పూర్తి చేశాడు. 1890 నవంబర్ 28న పోయాడు, పుస్తకం మర్నాటి ఏడు అచ్చయింది. ఆయన భార్య సావిత్రిబాయి, మన ఆడవాళ్లందరికీ తొలి టీచరమ్మ, 1897లో ప్లేగు వచ్చినప్పుడు రోగులను మోసుకొచ్చి వైద్యం చేయిస్తూ తనకూ అదే అంటుకుని మార్చి 10న చనిపోయింది.

వాళ్లను దేవుళ్లను చేసి దండలేస్తే మన పని తీరదు. ఫూలే ఎడమ చెయ్యి, టీచరమ్మ కుడి చెయ్యి చెప్పేది ఒకటే. చేయగలిగింది ఎంత మిగిలితే అంత జనానికి బాకీ. డాక్టర్ అంబేడ్కర్ షుగర్‌తో, కాళ్ల నొప్పులతో కుంగిపోతూ కూడా చివరి దాకా బుద్ధుడి మీద పుస్తకం రాస్తూనే ఉన్నాడు. చదువుకుని ఉద్యోగాలు పొందిన మనవాళ్లు పల్లె మొహం చూడటం లేదన్నది ఆయన చివరి రోజుల బాధ. ఆ బాధకు మన మెట్టలో ఒక టీచరమ్మ తన వంతు జవాబు చెప్పి పోయింది.

ఇంకొక మాట, ముఖ్యంగా మగవాళ్లకు. ఆమెది తల్లి మనసు, అందుకే చేసిందని అంటున్నారు. అట్లా అంటే మనకు సుఖం. తల్లి మనసు మనకు లేదు గాబట్టి మనం చేయక్కర్లేదు! ఆమె చేసింది మనసుతో మాత్రమే కాదు. లెక్కతో చేసింది, పట్టుదలతో చేసింది, తెలివితో చేసింది. అది మగవాడికైనా ఆడదానికైనా చేతనయ్యే పనే.

ఇక మన పని

ఆమెకు విగ్రహం పెడదామని కొందరన్నారు. వద్దు. రేకుల గదికి తాళం పడి నాలుగు నెలలైంది. లోపల చాప చుట్టి ఉంది, కుండ బోర్లించి ఉంది. విగ్రహానికి వసూలు చేసే ముందు ఆ తాళం తీయాలి. అందుకు మా సంఘం తరఫున మీ ముందు పెడుతున్న సంగతులు ఇవి.

ఒకటి. ఈ మండలాల్లో మన మాల, మాదిగ టీచర్లు, రిటైరైనవాళ్లు, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు వంతు వేసుకోవాలి. వారానికి ఒక్క సాయంత్రం చాలు. ఏడుగురు దొరికితే బడి ఏడు రోజులూ నడుస్తుంది.

రెండు. ప్రతి పేటలో ఒక బాకీల పుస్తకం మొదలుపెట్టాలి. ఎవరి రెక్కల కష్టం మీద మనం చదువుకున్నామో వాళ్ల పేర్లు ముందు రాయాలి. చందా తర్వాత సంగతి. పేర్లు రాయటం మొదలుపెడితే చందా దానంతట అదే వస్తుంది.

మూడు. డయాలసిస్‌కు పోయే రోగుల పేర్లు ఊరి వారీగా రాసి పెట్టుకోవాలి. ఎవరికి పెన్షన్ రావటం లేదు, ఎవరు ఒంటరిగా పోతున్నారు, ఎవరికి తోడు కావాలి, అది సంఘం పని. ఒక రోగి తోటి రోగులకు చేసిన పని, కాళ్లూ చేతులూ బాగున్న మనం చేయలేమా?

నాలుగు. అయిదో తరగతి దాటిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ అర్జీ రాయటం, రసీదు తీసుకోవటం నేర్చుకోవాలి. కోటేశు కాలం పోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. కాలం దానంతట అది పోదు.

అయిదు. చాప ఒక్కటే. దీని మీద చర్చ లేదు.

ఇక్కడికి వచ్చిన పిల్లల్లో చాలామంది ఆమె కట్టిన ఫీజుతో చదివినవాళ్లు. నర్సు అయినవాళ్లున్నారు, కానిస్టేబుల్ అయినవాళ్లున్నారు, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసుకుంటున్నవాళ్లూ ఉన్నారు. అందరికీ పెద్ద ఉద్యోగాలు రాలేదు. రావాలని ఆమె షరతు పెట్టలేదు. మీ ముత్తమ్మమ్మ జొన్నలు ఆమె దగ్గరకు పోయి మీ ఫీజుగా తిరిగొచ్చాయి. మీ దగ్గర ఆగిపోకూడదు. అంతే.

వచ్చే ఆదివారం సాయంత్రం గది తాళం తీస్తున్నాం. మొదటి వారం వంతుకు ఇప్పటికి నలుగురు పేర్లిచ్చారు. ఇంకా ముగ్గురు కావాలి. పేర్లు రాసుకోవటానికి సభ అయిన తర్వాత గుమ్మం దగ్గర మనిషి కూర్చుని ఉంటాడు. చప్పట్లు కొట్టిన చేతులు ఆ కాగితం మీద కూడా పడాలి.

జై భీమ్!